కొయ్యకాలు కాల్చకుండా కుళ్లబెట్టడం ఎలా? నేలలోని జీవులతో పని చేయించుకునే పద్ధతి

నాలుగేళ్ల కింద యాసంగిలో నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. మాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గర ఊరు. చెరువు కింద రెండెకరాల వరి, ఊరి పైన నల్లరేగడిలో పత్తి, దానికి ఆనుకుని కొంచెం ఎర్ర చెలక. ఆ ఏడు వానాకాలం వరి కోయించాక కొయ్యకాలుకు (కోత తర్వాత మడిలో మిగిలే వరి మొదళ్లకు) అగ్గి పెట్టొద్దని గట్టిగా అనుకున్నాను. మడికి నీళ్లు పెట్టి, ట్రాక్టర్‌కు కేజ్‌వీల్స్ (ఇనుప చక్రాలు) కట్టి తొక్కించి, ఐదో రోజుకే నాట్లు వేయించాను. పది రోజులు తిరిగేసరికి మడి మొత్తం పసుపు రంగుకు తిరిగింది. అడుగు వేస్తే బుడబుడమని బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన. ఒక కుదురు పీకి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేర్లు నల్లబడి ఉన్నాయి. పక్క మడిలో కాల్చి వేసిన వరి మాత్రం నిగనిగలాడుతోంది. ఆ పదిహేను రోజులు నాకు ఎంత టెన్షనో చెప్పలేను. బాపు వచ్చి ఒడ్డు మీద చాలాసేపు నిలబడి చూసి, "గడ్డి ఇంక ఉడుకుతాంది బిడ్డా, నువ్వు తొందరపడ్డవ్" అన్నాడు.

ఆ ఒక్క మాటలో అసలు సంగతంతా ఉంది. కుళ్లడం దానంతటదే జరిగిపోయేది కాదు, అది ఒక పని. ఆ పని చేసేవాళ్లు మట్టిలో ఉన్నారు. వాళ్లకు తిండి కావాలి, తేమ కావాలి, గాలి కావాలి, గడువు కావాలి. మనం తిండి వేస్తాం, నీళ్లు పెడతాం, గడువు మాత్రం ఇవ్వం. పంట దెబ్బతింటే తప్పు గడ్డి మీద వేసి మళ్లీ అగ్గిపెట్టె తీస్తాం. ఆ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. చేసి చూసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పనివాళ్లను గుర్తుపట్టండి

మంచి మట్టి ఒక చెంచాడు తీసుకుంటే అందులో బ్యాక్టీరియా వందల కోట్లలో ఉంటుంది. అంకె పెద్దదే, కానీ రైతుకు అంతకన్నా అక్కరకు వచ్చేది వాళ్లు ఏ వరుసలో పని చేస్తారన్నది. పెళ్లి భోజనాల్లో బంతులు లేచినట్టు ఒకరి తర్వాత ఒకరు వస్తారు.

మొదటి బంతి కంటికి కనిపించేవాళ్లది. ఎర్రలు (వానపాములు), రోకలిబండలు, పేడపురుగులు, చెదలు, చిటికెన గోరులో పదోవంతు కూడా లేని రకరకాల మట్టి నల్లులు (మైట్లు), ఎగిరి దూకే స్ప్రింగ్‌టెయిల్స్. వీళ్లు గడ్డిని కొరికి, నమిలి, చిన్న ముక్కలు చేస్తారు. ముక్క ఎంత చిన్నదైతే సూక్ష్మజీవులకు అంత చోటు దొరుకుతుంది. అందుకే ముక్కలు చేసే పనిలో ట్రాక్టర్ కొంత సాయం చేస్తే కుళ్లడం తొందరగా మొదలవుతుంది.

రెండో బంతిలో బ్యాక్టీరియా గడ్డిలోని చక్కెర, పిండి, మాంసకృత్తులను రోజుల్లోనే తినేస్తుంది. కుప్ప వేడెక్కేది అప్పుడే. ఆ తర్వాత సెల్యులోజ్ వంతు. ఇక్కడ శిలీంధ్రాలు దిగుతాయి. తడి గడ్డిని ఎత్తి చూస్తే కింద తెల్లని దారాలు అల్లుకుని కనిపిస్తాయి, అవే. వాటితోపాటు యాక్టినోమైసిటీస్ అనే జీవులు ఉంటాయి. తొలకరి చినుకు పడగానే లేచే మట్టి వాసన వీళ్లు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థంది. చివరికి మిగిలేది లిగ్నిన్, అంటే కట్టెకు గట్టిదనం ఇచ్చేది. దాన్ని బాగా విరగ్గొట్టగలిగేవి కొన్ని శిలీంధ్రాలే. పత్తి కట్టె నెలల తరబడి కుళ్లకుండా ఉండటానికి కారణం ఇదే.

ఇంకో గుంపు ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ప్రోటోజోవా, కొన్ని రకాల నులిపురుగులు. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు వేరు, ఇవి వేరు. ఇవి బ్యాక్టీరియాను మేస్తాయి. బ్యాక్టీరియా ఒంట్లో నత్రజని ఎక్కువ, మేసేవాళ్లకు అంత అవసరం లేదు. మిగిలింది అమ్మోనియం రూపంలో బయటికి వదులుతాయి, దాన్ని వేరు పీల్చుకుంటుంది. అంటే మట్టిలో తినేవాళ్లను తినేవాళ్లు కూడా ఉంటేనే పంటకు తిండి అందుతుంది. ఆరుద్ర కార్తెలో వాన వెలిశాక చెలకల్లో ఎర్రటి మఖ్మల్ గుడ్డలా పాకే ఆరుద్ర పురుగును చిన్నప్పుడు అందరం అగ్గిపెట్టెల్లో దాచుకున్నాం. అదీ ఒక నల్లే. మట్టిలోని చిన్న పురుగులను, వాటి గుడ్లను తిని బతుకుతుంది.

ఒక లెక్క, దీన్ని దాటి ముందుకు పోవద్దు

నా వరి ఎందుకు పసుపు పడిందో ఈ లెక్క చెబుతుంది. ఒక టన్ను ఎండు వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం ఉంటుంది. నత్రజని 6 కిలోల దాకా ఉంటుంది. అంటే 60 పాళ్లకు పైగా కర్బనానికి ఒక పాలు నత్రజని. సూక్ష్మజీవి ఒంట్లో మాత్రం ఈ నిష్పత్తి 8కి 1 దగ్గర ఉంటుంది. తిన్న కర్బనంలో మూడింట రెండు వంతులు ఊపిరితో బొగ్గుపులుసు వాయువుగా వదిలేసి, ఒక వంతు, అంటే 130 కిలోల దాకా, ఒళ్లు కట్టుకుంటుందనుకోండి. ఆ ఒంటికి 16 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 6. మిగతా 10 కిలోలు ఎక్కడి నుంచి తెస్తుంది? మట్టిలోంచి లాక్కుంటుంది. మనం పంట కోసం వేసిన యూరియాలోంచి లాక్కుంటుంది. వేరు కంటే సూక్ష్మజీవి చురుకు, పోటీలో వరి ఓడిపోతుంది.

ఈ నత్రజని ఎటూ పోదు. పనివాళ్లు చచ్చాక, లేదా వాళ్లను మేసేవాళ్లు వచ్చాక, మళ్లీ పంటకే అందుతుంది. కానీ కొన్ని వారాల తర్వాత. లేత నారుకు ఆ వారాలే ప్రాణం.

కర్బనం పాళ్లు 25 లోపు ఉంటే పని సాఫీగా సాగుతుంది, 30 దాటితే లాక్కోవడం మొదలవుతుంది. పశువుల పేడ 20 దగ్గర ఉంటుంది. పూతకు వచ్చిన జీలుగ, జనుము లాంటి పచ్చిరొట్ట పైర్లు కూడా 25 లోపే. వరిగడ్డి, మక్క చొప్ప, పత్తి కట్టె చాలా ఎక్కువ. ఏది దేనితో కలపాలో ఇక్కడే తెలిసిపోతుంది. ఎండుదానికి పచ్చిదో పేడో తోడు కావాలి.

మొదటి పని: ఉన్నదేమిటో చూసుకోండి

ఖర్చు లేని పరీక్షలు మూడు. తొలకరి పడి రెండు మూడు వారాలయ్యాక, మట్టి పదునుగా ఉన్నప్పుడు, పొద్దున పూట ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు గుంత తవ్వండి. మట్టిని గోనె సంచి మీద పోసి చేత్తో చిదుముతూ ఎర్రలను లెక్కపెట్టండి. పది దాటితే సంతోషించాలి. రెండు మూడే ఉంటే తిండి లేదని అర్థం. నా చెలకలో మొదటిసారి ఒక్కటీ రాలేదు, అదే రోజు ఒడ్డు మీద గడ్డి కింద తవ్వితే ఏడు వచ్చాయి. ఎండాకాలం తవ్వి ఎర్రలు లేవని బాధపడకండి, అప్పుడవి లోతుకు పోయి చుట్టుకుని పడుకుంటాయి.

రెండోది: పొలంలోంచి ఉసిరికాయంత ఎండు మట్టి గడ్డ ఒకటి, ఎన్నడూ దున్నని ఒడ్డు మీద నుంచి అంతే గడ్డ ఇంకొకటి తెచ్చి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. ఒడ్డు మీది గడ్డ చాలాసేపు గడ్డగానే ఉంటుంది. పొలం గడ్డ నిమిషంలో జారిపోయి అడుగున బురదగా పరుచుకుంటే, మట్టి రేణువులను అతికించే జిగురు తగ్గిందని అర్థం. ఆ జిగురు శిలీంధ్రాలు, బ్యాక్టీరియా, ఎర్రలు తయారుచేసేదే. వాన పడ్డాక పైన పెచ్చు కట్టి పత్తి గింజ మొలవకపోవడానికీ ఇదే కారణం.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. పత్తి పండించే వాళ్లం కదా, పాత నూలు బనియన్లు ఇంట్లో ఉంటాయి. నూలు అంటే దాదాపు పూర్తిగా సెల్యులోజే. ఒకే రకం బనియన్లు మూడు తీసుకుని, జూలైలో వరి ఒడ్డు పక్కన, పత్తి చేనులో, చెలకలో జానెడు లోతున పాతి, గుర్తుగా కర్ర గుచ్చండి. రెండు నెలలకు తవ్వి చూడాలి. ఫలితం చివర్లో చెబుతాను.

వీటితోపాటు మట్టి పరీక్ష ఒకసారి చేయించండి. పత్రంలో సేంద్రియ కర్బనం అనే వరుస చూడండి. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, ఆ పైన ఎక్కువ. చాలామంది నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి పత్రం మడిచేస్తారు. నా దృష్టిలో మొదట చదవాల్సిన వరుస కర్బనానిదే.

వరి కొయ్యకాలు: రెండు పంటకాలాలకు రెండు పద్ధతులు

కాలిస్తే పోయేదేమిటో ముందు చెప్పుకుందాం. గడ్డిలో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. గంధకంలోనూ చాలా భాగం పోతుంది. పొటాష్ బూడిదలో మిగిలినా, గాలికో మొదటి వానకో కొంత కొట్టుకుపోతుంది. పై అంగుళం మట్టిలోని జీవులు మాడిపోతాయి. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఒడ్ల మీది తాటిచెట్లు. ఎవరో పెట్టిన మంట గాలికి పాకి, ముప్పై నలభై ఏళ్ల చెట్టు మొదలు నల్లగా కాలి నిలబడటం మన దిక్కు ప్రతి ఎండాకాలం చూస్తూనే ఉన్నాం. గీత కార్మికుల బతుకు అది.

వానాకాలం కోత తర్వాత, అంటే నవంబర్ నుంచి జనవరి దాకా, గడువు తక్కువ. అందుకే నారు పోసే తేదీ నుంచే లెక్క మొదలుపెట్టాలి. కోతకూ నాటుకూ మధ్య కనీసం 25 రోజులు ఉండేలా చూసుకోండి. మన దగ్గర డిసెంబర్ రాత్రులు చల్లగా ఉంటాయి, చలికి సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది. వానాకాలంలో పదిహేను రోజుల్లో అయ్యేది యాసంగిలో కాదు.

కోత అయిన రెండు మూడు రోజుల్లోనే, మట్టిలో ఇంకా పదును ఉండగానే పని మొదలుపెట్టాలి. కోత మిషన్ వెనక వరుసలుగా పడ్డ వదులు గడ్డిని బేలర్‌తో చుట్టలు కట్టించి పశువులకు తీసేయండి. బేలర్ దొరక్కపోతే ఆ వరుసలను కట్టెలతో మడంతా చిమ్మేయండి, ఒకచోట కుప్పగా ఉంటే అక్కడే గొంతు పట్టినట్టు వరి ఆగిపోతుంది. తర్వాత ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లండి. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది కూడా ఇదే. సూక్ష్మజీవులకు భాస్వరం, గంధకం, కాల్షియం ఒకేసారి అందుతాయి. దీంట్లో భాస్వరం 8 కిలోలు ఉంటుంది, తర్వాత వేసే డీఏపీ ఎరువులో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. పైన చెప్పిన లెక్క ప్రకారం టన్ను గడ్డికి 10 కిలోల నత్రజని లోటు ఉంది కదా, అది 22 కిలోల యూరియా, అంటే 45 కిలోల బస్తాలో సగం. దీన్ని కూడా ఇప్పుడే వేయండి. పంటకు కాదు, పనివాళ్లకు.

వెంటనే కల్టివేటర్‌తో ఒకసారి దున్ని, తేలిగ్గా తడి పెట్టండి. ఇక్కడే అందరూ పొరబడతారు. నీళ్లు నిలబెట్టకండి. గాలి ఉన్నచోట కుళ్లడం వేగంగా, శుభ్రంగా జరుగుతుంది. నీళ్లు నిలిస్తే గాలి పోయి, గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా పని అందుకుంటుంది. అవి నెమ్మదిగా తింటాయి. ఆమ్లాలు, మీథేన్, గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. నా వరి వేర్లు నల్లబడింది అందుకే. అందుకని రెండు వారాలు పదును మాత్రమే ఉంచి, అప్పుడు నీళ్లు పెట్టి మొదటిసారి దమ్ము చేసి, వారం ఆగి, చివరి దమ్ము చేసి నాటు వేయండి. గడ్డి పోచను చేత్తో లాగితే పుటుక్కున తెగాలి. లాగినా తెగకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

అయినా పసుపు పడితే యూరియా బస్తా కోసం పరుగెత్తొద్దు. ముందు నీళ్లు తీసేయండి. సన్న పగుళ్లు కనపడేదాకా ఆరబెడితే గాలి లోపలికి పోతుంది, కొత్త తెల్ల వేర్లు వస్తాయి. తర్వాత కొంచెం యూరియా వేస్తే పైరు తిరుగుతుంది. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే అది జింకు లోపం కావచ్చు, దానికి మందు వేరు.

యాసంగి కోత తర్వాత పరిస్థితి తలకిందులు. ఏప్రిల్, మే నుంచి జూలై దాకా గడువు బోలెడు, తేమ లేదు. 43 డిగ్రీల ఎండలో పొడి గడ్డి మీద ఏ జీవీ పని చేయదు. గడ్డిని నేల మీద పరిచి అలాగే ఉంచండి, మట్టికి నీడ అవుతుంది. మృగశిరలో వాన పడగానే దున్ని, అదే పదునులో జీలుగ చల్లండి.

జీలుగ గురించి కొన్ని మాటలు

ఎకరాకు 12 నుంచి 15 కిలోల గింజలు. 45 నుంచి 50 రోజులకు, పూత మొదలైనప్పుడు కలియదున్నాలి. ఇంకా పెద్ద రొట్ట వస్తుందని ఆశపడి ఆగితే కాండం కట్టె అవుతుంది, కర్బనం పాళ్లు పెరిగిపోతాయి, మళ్లీ మొదటికే వస్తుంది. దున్నే ముందు ఒక మొక్క పీకి వేరు బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే రైజోబియం అనే బ్యాక్టీరియా పని చేస్తోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే బుడిపె ఉండీ లాభం లేదు. చెలకల్లో జనుము, తక్కువ పదును ఉన్నచోట పిల్లిపెసర నయం. పచ్చి రొట్ట మెత్తనిది, వారం పది రోజుల్లో కుళ్లి నాటుకు సిద్ధమవుతుంది.

పత్తి కట్టె, మక్క చొప్ప

పత్తి కట్టెను పీకి, కుప్పేసి, కాల్చడం మన జిల్లాలన్నిటా అలవాటు. గులాబీ రంగు పురుగు దాక్కుంటుందన్న భయం నిజమే, కట్టెను చేను పక్కన వానాకాలం దాకా నిలవ ఉంచకూడదు. కానీ కాల్చడం ఒక్కటే దారి కాదు. ష్రెడ్డర్ (కట్టెను ముక్కలు చేసే యంత్రం) కిరాయికి దొరికితే చేనులోనే ముక్కలు చేయించండి. చిన్న రైతులు నలుగురైదుగురు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే కిరాయి భారం తగ్గుతుంది. ముక్క రెండు మూడు అంగుళాలు దాటకూడదు. ఫిబ్రవరిలో నేల పొడిగా ఉంటుంది కాబట్టి ముక్కలు వెంటనే కుళ్లవు, కంగారుపడొద్దు. తొలకరి తర్వాత శిలీంధ్రాలు పట్టుకుంటాయి, ఆగస్టు నాటికి ముక్కను వేళ్లతో నలిపితే నలుగుతుంది. విత్తే వరుసలో మాత్రం ముక్కలు లేకుండా పక్కకు తోయండి. మొక్కజొన్న చొప్ప ఇంత మొండిది కాదు, అదే పద్ధతిలో ఒక వాన కాలంలో కలిసిపోతుంది.

డీకంపోజర్ ద్రావణాల (గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులున్న ద్రావణాల) గురించి చాలామంది అడుగుతారు. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం వేసి, సీసాలోని మందు కలిపి, రోజూ కలియబెడుతూ వారం ఉంచి చల్లే పద్ధతి మంచిదే. పేడ, గోమూత్రం, బెల్లంతో చేసే జీవామృతం కూడా అంతే. కానీ ఇవి పనివాళ్లను తెస్తాయి, తిండినీ తేమనూ తేవు. మే నెల ఎండలో పొడి గడ్డి మీద చల్లితే బెల్లం ఖర్చు వృథా. తడి గడ్డి మీద, సాయంత్రం చల్లి, వెంటనే మట్టిలో కలపండి. ప్యాకెట్ కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఒక దుకాణంలో నాకు అంటగట్టిన ట్రైకోడెర్మా (మేలు చేసే ఒక శిలీంధ్రం) పొడి ఇంటికొచ్చి చూస్తే గడువు దాటి ఆరు నెలలు. లోపల ఉన్నవన్నీ చచ్చిపోయి, మిగిలింది సుద్ద పొడి.

పెంటకుప్ప: మనం ఎక్కువ నష్టపోయేది ఇక్కడే

ఏప్రిల్‌లో నర్సంపేట దాకా రోడ్డు మీద పోతుంటే చేలల్లో వరుసగా చిన్న చిన్న పెంట కుప్పలు కనిపిస్తాయి. ట్రాక్టర్‌తో తోలి, కుప్పలు పోసి, వాన దాకా నెలన్నర అలాగే వదిలేస్తారు. ఆ ఎండకు నత్రజని అమ్మోనియాగా లేచిపోతుంది, ఎరువులోని జీవులు ఎండి చస్తాయి. ఇంత కష్టపడి తోలిన ఎరువు ఇలా పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎరువును ఊరి దగ్గరే కప్పి ఉంచి, తొలకరికి కొద్ది రోజుల ముందు తోలి, చిమ్మిన రోజే దున్నేయండి. ఇందులో కొత్త ఖర్చు ఏమీ లేదు, తేదీ మార్చడమే.

ఇక కుప్ప వేయడం. చింతచెట్టో వేపచెట్టో నీడ ఉన్న, వాన నీళ్లు నిలవని చోటు చూడండి. 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంత తీయండి, పొడవు మీ ఇష్టం. అడుగున పత్తి కట్టె, మక్క బెండ్లు లాంటి గట్టివి వేస్తే గాలి ఆడుతుంది. దాని మీద జానెడు ఎండు గడ్డి, దాని మీద పేడ నీళ్లు, మధ్యలో కానుగ రొట్టో గిరిపుష్పం కొమ్మలో, పైన రెండు పిడికిళ్ల పాత పెంట మట్టి. ఆ పాత మట్టి పాలలో తోడు లాంటిది. నేల మట్టానికి రెండడుగులు పైకి వచ్చేదాకా ఇలా పేర్చి, మట్టితోనో టార్పాలిన్‌తోనో కప్పండి.

తేమ ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ, గుప్పిట విప్పగానే రాలిపోతే తక్కువ. నాలుగో రోజు గడ్డపారను కుప్ప మధ్యకు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పట్టుకోలేనంత కాలితే లోపల 55 డిగ్రీలు దాటిందని అర్థం. ఆ వేడికి కలుపు గింజలు, రోగాలు తెచ్చే శిలీంధ్రాలు చాలామటుకు చస్తాయి. మొదటిసారి గడ్డపార తీసి చెయ్యి పెట్టినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. నిప్పు లేని చోట, కంటికి కనపడని జీవులు తింటూ ఊపిరి వదలడం వల్ల పుట్టిన వేడి అది.

పదిహేను ఇరవై రోజులకు వేడి తగ్గుతుంది. తిండి అయిపోయి కాదు, గాలి అయిపోయి. అప్పుడు కుప్పను తిరగేయాలి, అంచులది మధ్యకు, మధ్యది అంచులకు. ఇలా రెండు మూడుసార్లు తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు తయారవుతుంది. మురుగు వాసన వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి, ఎండు గడ్డి కలిపి తిరగేయండి. ముక్కు మండే ఘాటు వస్తే కోళ్ల ఎరువో పచ్చి రొట్టో ఎక్కువైంది, మందు అదే ఎండు గడ్డి. బూడిద రాసినట్టు తెల్లటి పొర కనిపిస్తే భయపడొద్దు, అది యాక్టినోమైసిటీస్, కాకపోతే కుప్ప ఆరిపోతోందని కూడా చెబుతోంది, నీళ్లు చల్లండి.

పచ్చి పెంట మాత్రం పొలానికి తోలొద్దు. అందులో వేరుపురుగు గుడ్లు, చెదలు, మగ్గని కలుపు గింజలు వస్తాయి. మగ్గిన ఎరువు మట్టి రంగులో, మట్టి వాసనతో, చల్లగా ఉంటుంది. ఎకరాకు 4 టన్నులు వేయగలిగితే మంచిది. అందులో నత్రజని 20 కిలోల దాకా ఉంటుంది, మొదటి ఏడు పంటకు అందేది దాంట్లో కొంతే.

మిర్చి, పసుపు వేసేవాళ్లు ఇంకొక్క పని చేయండి. 90 కిలోల మగ్గిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె సంచులు కప్పి వారం పది రోజులు ఉంచితే ఎరువంతా ఆకుపచ్చ బూజు పట్టుకుంటుంది. ఆఖరి దుక్కిలో వేయండి. ఎండు తెగులు, దుంపకుళ్లు తెచ్చే శిలీంధ్రాలను అది అణచిపెడుతుంది. రసాయన శిలీంధ్రనాశినులతో కలిపి మాత్రం వాడొద్దు.

చెలక ఉన్నవాళ్లకు చెరువు పూడిక మట్టి కూడా పెద్ద సాయం. రామప్ప, పాఖాల, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులున్న నేల మనది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే చెరువుల పునరుద్ధరణ పథకం పుణ్యమా అని పూడిక తోలుకోవడం మళ్లీ అలవాటైంది. ఆ బంకమన్ను కర్బనాన్ని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులు దాని సందుల్లో తలదాచుకుంటాయి. నల్లరేగడిలో బంకమన్ను ముందే ఉంది, అక్కడ దీని అవసరం అంతగా లేదు.

ఎన్నాళ్లకు ఫలితం

ఒక ఎకరం పై 6 అంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోల బరువు. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం అందులో నిలవాలి. టన్ను గడ్డి కలిపితే ఏడాది తర్వాత మిగిలేది 120, 130 కిలోలు. మన ఎండలకు ఉన్న కర్బనం కూడా ఏటా కొంత ఊపిరైపోతూనే ఉంటుంది. ఒక్క సీజన్‌లో కర్బనం 0.4 నుంచి 0.75కు తెస్తామని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే ఈ లెక్క వాళ్లనే చేయమనండి. పత్రంలో అంకె కదలడానికి ఏళ్లు పడుతుంది. ఎర్రలు, నీటి గ్లాసులో గడ్డ, దున్నేటప్పుడు ట్రాక్టర్ మీద పడే భారం మాత్రం రెండో ఏడే మారతాయి.

ఈలోగా చేయకూడనివి కొన్ని. రోటవేటర్‌ను ఏటా నాలుగైదుసార్లు తిప్పితే మట్టి పిండి అవుతుంది, ఎర్రలు తునకలవుతాయి, శిలీంధ్రాల దారాలు తెగుతాయి. ముక్కలు చేయడానికి ఒక్కసారి చాలు. నేలలో వేసే గుళికల మందులు కొన్ని ఎర్రలకు విషం, అలవాటుగా వేయకండి. యూరియా ఒకేసారి గుప్పెళ్లు గుప్పెళ్లు ఒకచోట పడితే చర్మంతో ఊపిరి తీసుకునే ఎర్రకు అది నిప్పే, విడతలుగా సన్నగా చల్లండి.

మళ్లీ మట్టి నమూనా తీసేటప్పుడు అదే నెలలో, అదే చోట్ల నుంచి తీయండి. మే నెల అంకెను నవంబర్ అంకెతో పోల్చడం కుదరదు.

బనియన్ల సంగతి. సెప్టెంబర్‌లో తవ్వితే చెలకలో పాతింది రంగు మారింది గానీ ఉతికి కట్టుకునేట్టే ఉంది. పత్తి చేనులోది అక్కడక్కడ చిల్లులు పడింది. వరి ఒడ్డు పక్కన పాతినదాన్ని కర్ర గుర్తు ఉండీ వెతకాల్సి వచ్చింది. దొరికింది కంపెనీ చీటీ, దానికి అంటుకున్న నైలాన్ కుట్టు దారం, వాటి మధ్య చుట్టుకుని పడుకున్న రెండు ఎర్రలు. నిరుడు అదే చెలకలో, మూడేళ్లు ఎరువూ జనుమూ పూడిక మట్టీ పడ్డాక, మళ్లీ ఒక బనియన్ పాతాను. ఈసారి చేతిలోకి తీసుకోగానే మధ్యకు చిరిగిపోయింది.